నేను జాలిపడని జింక

పోయిన ఆదివారం కథలోకి ఒక జింకపిల్ల కూడా వచ్చి చేరింది.

తమ్ముడి కూతురి పుట్టినరోజుకని వర్జీనియాలోని హెర్న్‌డన్ నుంచి మిషిగన్‌లోని నోవై వెళ్ళాను. బయట మోకాలి లోతు మంచు, లోపల ఇల్లు పట్టనంత మంది. నాన్న సోఫాలో కూర్చుని, ఒళ్ళో కేకు ప్లేటు పెట్టుకుని, పిల్లలందరినీ చుట్టూ పోగేసుకుని ఆ కథ మళ్ళీ మొదలుపెట్టాడు. "మీ అత్త తుపాకీ ఎత్తింది. గురి పెట్టింది. ఎదురుగా జింక, దాని పక్కన ఇంతే ఇంత పిల్ల. అంతే, చెయ్యి ఆడలేదు. కళ్ళమ్మట నీళ్ళు కారిపోయాయి. జింక అలా ఒక చూపు చూసి వెళ్ళిపోయింది." తమ్ముడి కూతురు లేచొచ్చి నా మెడ చుట్టూ చేతులు వేసి, "అత్తా, యు ఆర్ సో స్వీట్," అంది. పెద్దవాళ్ళు కూడా నావైపు ముచ్చటగా చూశారు. నాకు అరికాలి మంట నెత్తికెక్కింది.

అక్కడ పిల్ల లేదు. అసలది ఆడజింకే కాదు, ఎనిమిది కొనల కొమ్ములున్న మగజింక. ఏ సంవత్సరంలో అది ఆడదైపోయిందో నేను గమనించలేదు. ముప్పై ఏళ్ళుగా నాన్న ఈ కథ చెబుతున్నాడు, ముప్పై ఏళ్ళుగా నేను నవ్వి ఊరుకుంటున్నాను. ఊరుకున్నందుకు ఇప్పుడు దానికి పిల్ల కూడా పుట్టింది. ఇక నావల్ల కాదు. జరిగింది జరిగినట్టు ఒక్కచోటైనా ఉండాలని ఇది రాస్తున్నాను.

నాకప్పుడు పద్నాలుగేళ్ళు. ఇండియా నుంచి వచ్చి ఏడేళ్ళయింది. నాన్న కార్ల కంపెనీలో ఇంజనీరు. ఏ నూనె ఏ చలికి ఎంత చిక్కబడుతుంది, ఇంజను లోపల ఎంతసేపటికి పాకుతుంది, ఇదీ ఆయన పని. ఈ ముక్క గుర్తుపెట్టుకోండి, నేనైతే జన్మలో మర్చిపోను. అదే కంపెనీలో రిటైర్మెంటుకి దగ్గరపడ్డ తెల్లాయన ఒకడు ఫోర్‌మన్‌గా ఉండేవాడు. మేం ఇంట్లో ఆయన్ని ఫోర్‌మన్ తాత అనేవాళ్ళం. ఆయనకి ఉత్తరాన, మూడు గంటల దూరంలో, కొంత అడవి, కొంత బీడు, ఒక చెక్క ఇల్లు ఉండేవి. నాన్నకీ ఆయనకీ ఎలా కుదిరిందో తెలియదు గానీ, ఆకులు రంగు మారడం మొదలైన దగ్గర్నుంచి శనివారం వస్తే చాలు, మేం నలుగురం పులిహోర డబ్బా, పెరుగన్నం డబ్బా కారులో పెట్టుకుని అక్కడికి బయల్దేరేవాళ్ళం.

ఆ తుపాకీ ఫోర్‌మన్ తాత నాన్నకి ఇచ్చిందే. లీవర్ రైఫిల్. ట్రిగ్గర్ చుట్టూ ఉండే ఇనుప కడియాన్ని కిందికి లాగి పైకి తోస్తే పేలిన తూటా తొడుగు ఎగిరి బయట పడుతుంది, కొత్త తూటా లోపలికెక్కుతుంది. చిన్నప్పుడు టూరింగ్ టాకీసులో నేల టికెట్టు కొని చూసిన కౌబాయ్ సినిమాలన్నీ నాన్నకి ఒక్కసారిగా గుర్తొచ్చేవి. కుడి తొడ మీద తుపాకీ ఆనించి, కనుబొమలు ముడిచి, ఎవరో గుర్రం మీద వస్తున్నట్టు నిలబడేవాడు. అమ్మ దుప్పటి కప్పుకుని మెట్ల మీద కూర్చుని, "చూశాం లెండి, ఇక అన్నానికి రండి," అనేది.

నాకు ఆ సినిమా మోజు లేదు. నాకు నచ్చింది అందులోని పని. ఊపిరి సగం వదిలి ఆపడం, తుపాకీ మీద వెనకున్న గాడిలో ముందున్న చుక్కని నిలబెట్టడం, ట్రిగ్గర్ని లాగకుండా మెల్లగా వత్తుకుంటూ పోవడం. స్కూల్లో బంతి విసరమంటే ఎటు పోతుందో తెలియని దాన్ని, జట్లు కట్టేటప్పుడు చివర మిగిలిపోయేదాన్ని. ఇక్కడ మాత్రం యాభై గజాల దూరంలో చెట్టుకి కొట్టిన పేపర్ ప్లేటుకి నేను చిల్లు పెట్టాలనుకున్న చోటే పడేది. లీవర్ లాగగానే ఛక్‌ఛక్‌మని ఇత్తడి తొడుగు నా భుజం పక్కనుంచి ఎగిరి ఎండుటాకుల్లో పడేది. వేడి తొడుగు ముక్కు దగ్గర పెట్టుకుంటే దీపావళి మర్నాటి వాకిలి వాసన. జేబుల్నిండా అవే. అమ్మ బట్టలు ఉతికేటప్పుడు డ్రయ్యర్‌లో టంగుటంగుమని మోగి తిట్లు తినిపించేవి.

తమ్ముడు నాకంటే రెండేళ్ళు చిన్న. వాడికి శబ్దమంటే భయం, చెవులు మూసుకుని దూరంగా నిలబడేవాడు. కానీ వెధవ పనులన్నీ వాడి బుర్రలోంచే పుట్టేవి. పేపర్ ప్లేటుకి తగిలితే చప్పుడు రాదని, మోగే వస్తువు కావాలని, ఒకసారి ఇంట్లోంచి స్టీలు పళ్ళెం చొక్కాలో దాచుకుని తెచ్చాడు. దాన్ని తాడు కట్టి కొమ్మకి వేలాడదీశాం. ఒక్క గుండుకి గంట కొట్టినట్టు మోగి గిరగిరా తిరిగింది. దించి చూస్తే అంచు మీద అమ్మమ్మ పేరు చెక్కి ఉంది, ఇంటిపేరుకీ పేరుకీ మధ్య బొటనవేలు పట్టే చిల్లు. అమ్మ పెళ్ళికి పెట్టిన పళ్ళెం అది. అమ్మ దాన్ని కళ్ళ దగ్గర పెట్టుకుని ఆ చిల్లులోంచి మా ఇద్దర్నీ ఒకరి తర్వాత ఒకర్ని చూసింది. "ఎవరు కొట్టింది?" అంది. నేనే అన్నాను. "అంత దూరం నుంచా?" అంది. అంతే. తిట్టడం మరిచిపోయింది. ఆ పళ్ళెం చాలాకాలం కుండీ కింద ఉండేది.

ఇంట్లో వాళ్ళు నన్ను చూసి ఆశ్చర్యపోవడం నాకదే మొదటిసారి. ఆ ఏడు వేటకి నేనూ వస్తానని పట్టుబట్టాను. అమ్మ వద్దంది. నాన్న మాత్రం, "పదికి పది ప్లేటులో పడితే తీసుకెళ్తా," అని ఫోర్‌మన్ తాత ముందే మాటిచ్చాడు. పదీ పడ్డాయి. ఫోర్‌మన్ తాత ఆ ప్లేటుని చెక్క ఇంటి గోడకి మేకు కొట్టి తగిలించాడు. తర్వాత లైసెన్సు కోసం వేట క్లాసుకి వెళ్ళాను. రెండు జడల పిల్లని నేనొక్కదాన్నే. అక్కడ మాస్టారు పదేపదే నూరిపోసిన నియమం ఒకటుంది. ట్రిగ్గర్ నొక్కినా తుపాకీ పేలకపోతే వెంటనే దించకూడదు, తెరవకూడదు. మందు ఆలస్యంగా అంటుకోవచ్చు. గొట్టం గురి మీద అలాగే ఉంచి, కదలకుండా ముప్పై లెక్కపెట్టాలి.

ఈలోపు దసరా వచ్చింది. దేవుడి గూటి ముందు నాన్న పనిముట్ల పెట్టె, కారు తాళాలు, అమ్మ మిక్సీ, మా పుస్తకాలు, తమ్ముడి క్యాలిక్యులేటర్ బారుగా పేర్చాం. నాన్న తుపాకీ కూడా తెచ్చాడు.

"దేవుడి ముందు తుపాకీ ఏంటండీ?" అంది అమ్మ.

"ఆయుధపూజ అన్నాక ఆయుధానికి చెయ్యక స్క్రూడ్రైవర్‌కి చేస్తారా?"

"సరే, ఏడవండి. కానీ ఆ కంపు నూనెతో మాత్రం వద్దు. కిరసనాయిల్లో ముంచినట్టుంది, నాకు కడుపులో తిప్పుతోంది."

నిజమే, తుపాకీ నూనెది ఘాటు వాసన. నాన్న పాత బనీను గుడ్డతో దాన్నంతా శుభ్రంగా తుడిచేశాడు. తుడిచిన ఇనుము వట్టిగా ఉంటే తుప్పు పడుతుందని, వాసన మంచిదని, మేం తలకి రాసుకునే కొబ్బరినూనె తీశాడు. మిషిగన్‌లో ఆకులు రాలినప్పట్నుంచి ఎండ వచ్చేదాకా ఏ తెలుగింట్లో చూసినా ఆ నూనె సీసాలో తెల్లగా గడ్డకట్టే ఉంటుంది. తలంటుకునే రోజు వేడినీళ్ళ గిన్నెలో నిలబెట్టి కరిగిస్తాం. ఆ రోజు కరిగించింది నాన్నే. తన చేత్తో సీసాని వేడినీళ్ళలో తిప్పి తిప్పి కరిగించి, తుపాకీ సందుల్లో, తూటాని వెనక పొడిచి పేల్చే సూది చుట్టూ, స్ప్రింగు దగ్గర చుక్కలు చుక్కలుగా పోశాడు. అమ్మ కర్రకి పసుపు రాసి బొట్టు పెట్టింది. హారతి పట్టాం. మర్నాడు బొట్టు తుడిచారు గానీ లోపలి నూనె సంగతి ఎవరికీ పట్టలేదు. తర్వాత నెల్లాళ్ళు ఒకటే వానలు, సాధనకి వెళ్ళనే లేదు.

వేట మొదలైన రోజు పొద్దున ముక్కులో వెంట్రుకలు గడ్డకట్టే చలి. నాన్న మంకీ క్యాప్ పెట్టుకుని దాని మీద నారింజ రంగు టోపీ పెట్టుకున్నాడు. నేనూ నాన్నా ఒక పైన్ చెట్టు మొదట్లో కూర్చున్నాం. ఫోర్‌మన్ తాత బీడుకి అవతల నిచ్చెన మంచె మీద, బైనాక్యులర్స్‌తో. తుపాకీ నా చేతుల్లో. తెల్లారిన చాలాసేపటికి చెట్ల మధ్య నుంచి అది నడుచుకుంటూ బీడులోకి వచ్చింది. మెడ దించి, ఎత్తి, పక్కకి తిరిగి నిలబడింది. నా పేపర్ ప్లేటు ఎంత దూరమో అంతే దూరం.

బొటనవేలితో తుపాకీ సుత్తి వెనక్కి లాగాను. ఊపిరి సగం వదిలాను. చుక్క జింక భుజం వెనక నిలబడింది. వత్తాను.

టిక్.

అంతే. పేలలేదు. నేను కదల్లేదు. నేర్పినట్టే గొట్టం అక్కడే ఉంచి లెక్కపెట్టడం మొదలుపెట్టాను. జింక తలెత్తి మావైపు చూసింది, నేను దాన్ని చూస్తూనే లెక్కపెట్టాను. ఇరవై దాటాక అది తోక ఒకసారి ఆడించి తీరుబడిగా చెట్లలోకి వెళ్ళిపోయింది. ముప్పై అయ్యాక లీవర్ లాగాను. ఎప్పుడూ ఛక్‌మనేది పిండిలో కదిలినట్టు బరువుగా కదిలింది. పేలని తూటా ఆకుల్లో పడింది. నాన్న దాన్ని తీసి తిరగేసి చూశాడు. దాని వెనక, సూది తగలాల్సిన చోట, గోటితో గిచ్చినంత గుర్తు ఉంది. ఆ గుర్తుని నాన్న చూడటం నేను చూశాను. ఆయన తూటాని జేబులో వేసుకున్నాడు.

ఈలోపు ఫోర్‌మన్ తాత మంచె దిగి బీడు దాటి వచ్చాడు. అంత దూరం నుంచి ఆయనకి కనిపించిందల్లా, ఒక పిల్ల అరనిమిషం పాటు గురిపెట్టి కొట్టకుండా ఊరుకోవడం. నా భుజం మీద చెయ్యి వేసి, "పరవాలేదమ్మా. నీది మెత్తని గుండె. అందులో సిగ్గుపడాల్సిందేమీ లేదు," అన్నాడు.

నేను నాన్న వైపు చూశాను. చెప్తాడని. తుపాకీ పేలలేదండీ, మా అమ్మాయి నొక్కింది, సరిగ్గా నొక్కింది, నొక్కాక కూడా నేర్పినట్టే నిలబడింది అని చెప్తాడని. నాన్న నవ్వాడు. "మా అమ్మాయి చీమని కూడా తొక్కదు," అన్నాడు.

పెద్దవాళ్ళ ముందు నాన్న మాట కాదనడం మా ఇంట్లో లేదు. నోరు నొక్కేసుకున్నాను. చెక్క ఇంటికి వెళ్ళాక నాన్న తుపాకీ విప్పి లోపలి సూదిని పొయ్యి దగ్గర పెట్టాడు. తెల్లటి ముద్దలు కరిగి కారాయి. ఇల్లంతా మా ఆదివారం తలంటు వాసన. ఫోర్‌మన్ తాత ముక్కు ఎగబీల్చి, "ఇదేం వాసన, బిస్కెట్లు కాలుస్తున్నట్టు?" అన్నాడు. "మా లంచ్‌లో కొబ్బరి పచ్చడి," అన్నాడు నాన్న, గుడ్డతో గబగబా తుడుస్తూ. నాకు అప్పుడు అర్థమైంది. అంటే, అర్థమైందనుకున్నాను. నూనెల ఇంజనీరు తుపాకీకి కొబ్బరినూనె పోశాడని తెలిస్తే కంపెనీ అంతా నవ్వుతుంది. నాన్న పరువు కోసం నేను మెత్తనిదాన్ని కావాలి. అయ్యాను. ఒక్కరోజుకే కదా అనుకున్నాను.

ఒక్కరోజుతో పోలేదు. సాయంత్రం ఫోర్‌మన్ తాత ఇంకో జింకని కొట్టి మాకు వాటా ఇచ్చాడు. తర్వాతి శనివారం మా ఇంటికి భోజనానికి వచ్చినవాళ్ళందరికీ నాన్న కథ చెప్పాడు. అమ్మ ఆ మాంసానికి అల్లం వెల్లుల్లి బాగా పట్టించి కరివేపాకు వేసి వేయించింది. అంకుల్స్ ఆంటీలు జింక వేపుడు ముక్క మీద ముక్క వేసుకుని నములుతూ నా జాలిగుండెని పొగిడారు. ఆ పూట మొదటిసారి కథలో కన్నీళ్ళు వచ్చాయి. నేను కంచంలో అన్నం కెలుకుతూ కూర్చున్నాను.

మరుసటి ఏడు ఆకులు రాలగానే అడిగాను. "నాన్నా, నేనూ వస్తా."

"వద్దమ్మలూ, మళ్ళీ ఏడుస్తావు."

"నేను ఏడవలేదు నాన్నా. నీకు తెలుసు."

"సర్లే సర్లే," అంటూ నాన్న మేజోళ్ళు వెతుక్కున్నాడు. ఆయన ఒక్కడే వెళ్ళాడు. ఆపై ఏడు తమ్ముణ్ణి తీసుకెళ్ళాడు. చెవులు మూసుకునే తమ్ముణ్ణి. వాడు ఒక జింకని కొట్టి వచ్చాడు. మగాడివనిపించావురా అని అందరూ వాడి వీపు తట్టారు. వాడు ఆ రోజు చచ్చిన జింక పక్కన కూర్చుని గంటసేపు వెక్కి వెక్కి ఏడ్చాడని, రెండుసార్లు వాంతి చేసుకున్నాడని, ఎవరికీ చెప్పొద్దని నాన్న అన్నాడని వాడు నాకు ఫోన్‌లో చెప్పింది మా ఇద్దరి పెళ్ళిళ్ళూ అయిన ఎన్నో ఏళ్ళకి. మా ఇంట్లో ఒకరి ఏడుపు దాచారు, ఏడవని ఇంకొకరికి ఏడుపు అంటగట్టారు. వాడి మీద నాకు కోపం లేదు. ఆ కథ మొదలవగానే వాడు లేచి వంటింట్లోకి పోతాడు.

ఇప్పుడు ఆ బీడు లేదు. ఫోర్‌మన్ తాత పోయాక వాళ్ళ పిల్లలు అమ్మేశారు. అక్కడిప్పుడు ఒకేలాంటి ఇళ్ళు వరసగా ఉన్నాయి. చెక్క ఇంటి గోడ మీద నా ప్లేటు ఏమైందో ఎవరికి తెలుసు. తుపాకీ నాన్న ఎవరికో ఇచ్చేశాడు. అమ్మ లేదు. మిగిలింది కథ ఒక్కటే, అదీ అబద్ధం. ఆ అబద్ధం నాతో పాటు కాలేజీకి వచ్చింది, పెళ్ళిచూపులకి వచ్చింది, అత్తగారింటికి వచ్చింది. ఎప్పుడైనా గొంతు పెంచి ఇది నాకు నచ్చలేదు అనబోతే, "అదేంటి, నీది అంత మెత్తని మనసు కదా," అనేవాళ్ళు. నేనూ నిజమేనేమో అనుకుని తగ్గేదాన్ని. ఒళ్ళు మండేది దానికి. వాళ్ళు నమ్మినందుకు కాదు, నేను నమ్మినందుకు.

పుట్టినరోజు అయ్యాక నాన్నని నేనే కారులో దింపాను. తమ్ముడి ఇంటికి పది నిమిషాల దూరంలో, పెద్దవాళ్ళుండే అపార్ట్‌మెంట్. పార్కింగ్‌లో ఆపి ఇంజను కట్టెయ్యకుండానే అడిగాను.

"నాన్నా, ఆ రోజు నేను నొక్కాను."

నాన్న ముందు అద్దంలోంచి మంచుని చూశాడు. "నొక్కావు," అన్నాడు.

"నీకు తెలుసు."

"పక్కనే ఉన్నా కదమ్మా. టిక్కుమంది, విన్నా."

"ఇన్నేళ్ళూ నూనె సంగతి దాచుకోడానికి నన్ను అడ్డం పెట్టుకున్నావా?"

నాన్న తల తిప్పి నన్ను వింతగా చూశాడు. "నూనె సంగతేముంది? వారం తిరక్కముందే ఫోర్‌మన్‌కి చెప్పేశా. ఇద్దరం కడుపుబ్బ నవ్వుకున్నాం. క్యాంటీన్‌లో అందరికీ తెలుసు."

"మరి?" అన్నాను.

"నీ మొహం చూశానమ్మా. పేలకపోయినా నువ్వు దాన్ని వదల్లేదు. రెప్ప వెయ్యలేదు. అది నీ కళ్ళలోకి చూస్తోంది, నువ్వు దాని కళ్ళలోకి చూస్తూ అంకెలు లెక్కపెడుతున్నావు. మొహంలో ఏమీ లేదు. పద్నాలుగేళ్ళ ఆడపిల్లవి. నాకు భయమేసింది. ఇంత గట్టి గుండె పెట్టుకుని ఇది రేపు ఎక్కడ ఇమడగలదు అనుకున్నా. అంతలో ఆయనొచ్చి మెత్తని గుండె అన్నాడు. హమ్మయ్య అనిపించింది. అదే పట్టుకున్నా." మళ్ళీ మంచువైపు తిరిగి, "నీకేం తక్కువైంది చెప్పు? అందరూ మంచిపిల్ల అన్నారు కదా," అన్నాడు.

నా జీవితం మొత్తంలో నేను అంత సరిగ్గా చేసిన పని ఇంకొకటి లేదు. ఏ తొందరా లేకుండా, ఏ తప్పూ లేకుండా, నేర్పింది నేర్పినట్టు. దాన్ని కళ్ళారా చూసిన మనిషి ఒక్కడే, ఆ ఒక్కడూ చూసి భయపడ్డాడు. భయపడి, ఆ పిల్లని తీసి దాచేసి, ఆ చోట ఏడ్చే పిల్లని కూర్చోబెట్టాడు. నేను ఇన్నేళ్ళూ ఆ రెండోదాన్నే మోశాను.

నాన్న సీటు బెల్టు తీసుకోవడానికి తడుముకుంటున్నాడు. వేళ్ళు బిగుసుకుపోయాయి, ఈమధ్య ఆయనకి రాదు. ఎప్పుడూ నేనే వంగి తీస్తాను. ఆ రోజు తియ్యలేదు. స్టీరింగ్ మీద చేతులు పెట్టుకుని కూర్చున్నాను. ఆయనే తీసుకున్నాడు, చాలాసేపు పట్టింది. నాకు పాపం అనిపించలేదు. అనిపించినట్టు కనపడాలనీ అనిపించలేదు.